పాలకు బదులు ఏం పోయాలి?

నా కూతురి ఆరో పుట్టినరోజుకు ఇంకా పది రోజులుందనగా, జగిత్యాలలో డాక్టరు దానికి పాలు పడవని తేల్చాడు. ఒంటి మీద దద్దుర్లు, పెదాల వాపు వాటి వల్లేనట.

"పాలు, పెరుగు, నెయ్యి, వెన్న అన్నీ బంద్. కలిసినవి కూడా పెట్టొద్దమ్మా" అన్నాడు.

బుద్ధిగా తలూపాను. ఇంటికి కోరుట్ల బస్సెక్కి కూర్చున్నాక గాని భయం వేయలేదు. కేకు చేస్తానని దానికి అప్పటికే మాటిచ్చేశాను.

మర్నాడు సిరిసిల్ల నుంచి అత్తమ్మ ఫోన్ చేసింది. వెనక మరమగ్గాల చప్పుడులో సగం మాటలే వినిపించాయి.

"బర్రెపాలు బరువుంటయి బిడ్డా, గందుకే పడ్తలేవు. మేకపాలు తాగియ్యి. నేనే పంపిస్త."

అన్నట్టే బస్సులో సీసా పంపింది. కాచి, గ్లాసులో పోశాక అనుమానం వచ్చి డాక్టరుకు ఫోన్ చేశాను. మేకపాలూ అంతే, ముట్టనివ్వొద్దన్నాడు. గ్లాసు పక్కన పెట్టేశాను. బస్సు దాకా నడిచివెళ్లి పంపిన మనిషికి ఏమని చెప్పాలి?

పుట్టినరోజు ముందురోజు సోయా పాలు కొన్నాను. అందులో నిమ్మరసం పిండమని ఫోన్లో ఒక వీడియో చెప్పింది. పిండగానే విరిగిపోయాయి. పాడయ్యాయని పారబోసి, ఇంకో డబ్బా తెరిచాను. అవీ విరిగితే పారబోశాను. పక్కింటి ఆపా అప్పుడే వచ్చింది. పెళ్లిళ్లకు బిర్యానీ వండే మనిషి, కేకులూ చేస్తుంది. మోరీలో పారుతున్న పాలు చూసి నవ్వింది.

"విరగాల్నే గద నిమ్మకాయ పిండేది! మజ్జిగ లెక్క గావాలె చెల్లె."

ఇన్నేళ్లు విరిగితే పాడైనట్టు అనుకున్నదాన్ని, ఇక ఏది పాడైందో ఏది కుదిరిందో ఎలా తెలుసుకోవాలి?

పైన పూయడానికి క్రీము డబ్బా చూపించాను. దాని మీద 'నాన్ డెయిరీ' అని పెద్దక్షరాలున్నాయి. ఆపా కళ్లద్దాలు పెట్టుకుని వెనకవైపు చదివి ముఖం మార్చింది.

"గిండ్ల పాల ప్రొటీన్ ఉన్నదని రాసిన్రు."

"పాలు లేవని ముందట రాసిన్రు గదా ఆపా?"

"నాకేం సమజైతలేదు. కానీ పోరికి పెట్టకు."

నాకు ఏడుపొచ్చింది. ఆపా నన్ను పీట మీద కూర్చోబెట్టి మైదా, కోకో పొడి, చక్కెర, వంటసోడా కలిపింది. నూనె, చెంచాడు వెనిగర్ వేసింది. ఆ తర్వాత కుండలోంచి చెంబెడు నీళ్లు ముంచి పోసింది.

"నీళ్లా?"

"పిండి తడవాలె, గంతే. రుచి కోకోది."

అడుగున ఉప్పు పోసిన కుక్కర్లో అది చక్కగా పొంగింది.

పుట్టినరోజుకు అత్తమ్మ వచ్చింది. ఒక ముక్క తిని, "ఏం పాలు పోసినవే?" అని అడిగింది. నీళ్లంటే నమ్మలేదు, నేనేదో దాస్తున్నానన్నట్టు చూసి ఇంకో ముక్క తీసుకుంది. నేను కొబ్బరిపాలతో చేసిన సేమియా మాత్రం విరిగినట్టయింది. ఎక్కువ మరిగించానో, పాలే పలచనయ్యాయో ఇప్పటికీ తెలియదు. నా కూతురు వాసన చూసి గిన్నె జరిపేసి, కేకే తింది.

సాయంత్రం దాకా నాలుగుసార్లు దాని చేతులు, పెదాలు చూశాను. ఏమీ రాలేదు.

"రేపు బడికి కేకు తీస్కపోనా అమ్మా?" అంది.

మిగిలిన రెండు ముక్కలూ డబ్బాలో సర్దాను.