ఒకే కాగితం మీద ఇద్దరి సంతకాలు

కరోనా రెండోసారి వచ్చిపోయిన ఏడాది. గోదావరిఖనిలో ఒక గని క్యాంటీన్‌లో టీ కౌంటర్ నాది. షిఫ్టు మారే వేళ అందరి మాటా నా చెవిన పడుతుంది.

ఆ రోగం ఉన్నన్నాళ్ళూ రెండు కార్మిక సంఘాలు జాయింట్ కమిటీ పెట్టుకున్నాయి, అంటే ఎవరి జెండా వాళ్ళు పక్కన పెట్టి కలిసి పనిచేశాయి. నాయకులు రాజేశం, కొమురయ్య ఒకే జీపులో తిరిగి మంచాలు, ఆక్సిజన్ ఇప్పించారు. మా దగ్గర గిన్నెలు కడిగే కాంట్రాక్టు మనిషి ప్రభుదాస్ పోయినప్పుడు, ఆ పని అతని భార్య సువార్తకు ఇప్పిస్తామని దవాఖాన ముందర నా ఎదుటే ఇద్దరూ మాటిచ్చారు.

రోగం తగ్గింది. ఏది గుర్తింపు సంఘమో తేల్చే ఎన్నికలు దగ్గరపడ్డాయి. ఇద్దరూ వేర్వేరు బల్లల దగ్గర కూర్చోవడం మొదలుపెట్టారు. ఒకరు వస్తే ఇంకొకరు మాట ఆపేవారు. సువార్తకిచ్చిన మాట ఏమవుతుందోనని నాకు గుబులు పట్టుకుంది.

కాంట్రాక్టరేమో ఒకే కాగితం మీద ఇద్దరి సంతకాలూ ఉంటేనే పని ఇస్తానన్నాడు, నెలాఖరు దాటితే వేరే మనిషిని పెట్టుకుంటానన్నాడు. తాను ముందు సంతకం పెడితే, తర్వాత పెట్టి కాగితం కాంట్రాక్టరుకు తీసుకుపోయినవాడు గని గేటు దగ్గరి ఎన్నికల మీటింగ్‌లో పేరు కొట్టేస్తాడని ఇద్దరికీ అనుమానమే. సువార్త ఇద్దరి చుట్టూ ఇరవై రోజులు తిరిగి, చివరికి నన్నే అడిగింది: "అక్కా, నువ్వు ఎవలదిక్కు?"

రిటైరైన టీచర్ ఆనందం సార్ టీ తాగుతూ అన్నాడు: "ఇంగ్లండుల గూడ గిట్లనే అయింది. యుద్ధమున్నన్ని రోజులు పార్టీలన్నీ ఒక్క సర్కారు నడిపినయి. జర్మనీ ఓడంగనే విడిపోయి ఓట్లకు పోయిన్రు."

"మరి అప్పుడిచ్చిన మాటలు ఎవలు తీర్చిన్రు సార్?" అని అడిగాను.

"గెలిచినోళ్ళు కొన్ని తీర్చిన్రు. గెలిచేదాక ఆగాలె."

సువార్తకు ఆగే వీలెక్కడిది?

మర్నాడు మొదటి షిఫ్టు వాళ్ళతో క్యాంటీన్ నిండుగా ఉంది. సువార్త కాగితం కౌంటర్ మీద పరిచి ఇద్దరినీ పిలిచాను.

"అన్నా, ఇద్దరు ఒక్కతాన నిలబడున్రి. పెడ్తె పెట్టున్రి, లేకుంటె పెట్టేది లేదని అందరి ముంగట చెప్పున్రి. కాగితం నేనే తీస్కపోత."

రాజేశం కొమురయ్యను చూశాడు. కొమురయ్య టీ కోసం నిలబడ్డ జనాన్ని చూశాడు. "నిన్నెవలు పంపిన్రు?" అన్నాడు.

"ప్రభుదాస్," అన్నాను.

ఒకరి చెయ్యి ఒకరు కనిపెడుతూ ఇద్దరూ పెట్టారు.

మూడో రోజు సువార్త పనిలో చేరింది. ఆ వారం గేటు దగ్గర రెండు మీటింగులు జరిగాయి. ఆ పని మేమే ఇప్పించామని రెండింట్లోనూ చెప్పుకున్నారు. సువార్త దేనికీ పోలేదు, డ్యూటీలో ఉంది.

ఆపదలో కలిసినవాళ్ళ మాట అబద్ధం కాదు, కానీ ఆపద ఉన్నంత వరకే దాని ఆయుష్షు. ఏడుస్తున్న సువార్త పక్కన, ఆ మాట కాగితం మీద రాసివ్వమని అడగడం తప్పనిపించి ఆ రోజు దవాఖాన ముందర ఊరుకున్నాను. ఇప్పుడైతే ఊరుకోను.