తాబేలు కోసం కెమెరా వదిలేసిన మామ

మామ పోయారని కిందటి నెల ఒక గురువారం పొద్దున్న వాళ్లమ్మాయి ఫోన్ చేసి చెప్పింది. డ్యూటీకి బయల్దేరిన వాణ్ణి, బూట్లు విప్పి గుమ్మంలోనే కూర్చుండిపోయాను.

ఆయన నాకు బంధువేం కాదు, ఊరికే మామ అని పిలిచేవాణ్ణి. నేను స్టీలు ప్లాంటు ఉద్యోగం కోసం గోదావరి జిల్లా నుంచి వచ్చినవాణ్ణి. ఆయన ఋషికొండ దగ్గర చేపలు పట్టుకుని బతికే మనిషి. సముద్రం అడుగున తిరిగేవాటిని వీడియో తీయాలని తొంభైల చివర్లో నాకో పిచ్చి పట్టింది. ఉన్నదల్లా ఒక పాత హ్యాండీకామ్ వీడియో కెమెరా. వన్ టౌన్ పాత సామాను కొట్లలో ఏరుకొచ్చి, లావుపాటి ప్లాస్టిక్ పైపుకి ముందు అక్రిలిక్ అద్దం బిగించి, అతుకుల్లో సైకిల్ ట్యూబు రబ్బరు పెట్టి గ్రీజు పూసి, కెమెరాకి నీళ్లు దూరని పెట్టె చేశాను.

ఋషికొండ తీసుకెళ్తే మామ ఆ పెట్టెని అటూ ఇటూ తిప్పి చూశారు. "అప్పుడే కెమెరా ఎట్టకు బాబు. కాయితం ఎట్టి ముంచుదాం. తడిసిందో నేదో అదే సెప్తాది."

మూడు ఆదివారాలు కాయితం తడిసింది. నాలుగోసారి పొడిగా వచ్చింది. పెట్టె తేలిపోతుంటే వలకి కట్టే సీసం గుళ్లు ఆయనే కట్టారు. నీళ్లలో మునిగితే నలభై లెక్కపెట్టేలోపే నాకు ఊపిరి అందేది కాదు. అందుకని రికార్డింగు నొక్కి, మూత బిగించి, పెట్టె ఆయన చేతికే ఇచ్చేవాణ్ణి.

"సేపని తరమకూడదు బాబు. రాయిలాగ ఉంటే అదే వచ్చి సూత్తాది" అనేవారు.

ఒక ఫిబ్రవరిలో ఆయన వట్టి చేతులతో పైకి తేలారు. తెప్ప మీంచి అడిగాను, "పెట్టె ఏది మామా?"

"వదిలేసినాను బాబు. తాబేలు తెగిన వలలో సిక్కుకుంది. కొయ్యడానికి రెండు సేతులూ కావాల."

మొలలో కత్తి తీసుకుని మళ్లీ మునిగారు. మూడోసారికి తాబేలు తెప్ప పక్కనే తల పైకెత్తి, గాలి పీల్చుకుని వెళ్లిపోయింది. నేను దాన్ని సరిగా చూడనైనా లేదు. తర్వాత ఆయన మళ్లీ మునిగి, పెట్టె కోసం కళ్లు ఎర్రబడేదాకా వెతికి తెచ్చారు. అద్దం పగిలి ఉంది. కెమెరా నిండా నీళ్లు.

"ఒక్క తాబేలు కోసం నా కష్టమంతా ముంచేశావు కదరా!" అని అరిచాను. తండ్రి వయసున్న మనిషిని. ఆయన తెప్ప ఒడ్డుకి తోశారు.

ఏడాదిపాటు అటు వెళ్లలేదు. సిగ్గుపడుతూ వెళ్లినరోజు ఆయన అడిగింది ఒకటే, "కొత్త పెట్టి సేసినావా బాబు?" చెయ్యలేదు. మళ్లీ ఎప్పుడూ చెయ్యలేదు.

చివరి రోజుల్లో ఊపిరితిత్తులు పాడయ్యాయి. అంతసేపు నీళ్లలో ఉండగలిగిన మనిషికి మంచం మీద గాలి చాలలేదు. ఆస్పత్రిలో ఆయన పక్కన కూర్చుని, తప్పయిందని చెప్పాలనుకుంటూనే ఎండల గురించి మాట్లాడి వచ్చేశాను.

పదో రోజు కార్యానికి వెళ్లినప్పుడు, మిగిలిన ఒక్క టేపూ పెన్ డ్రైవ్‌లోకి ఎక్కించుకెళ్లి వాళ్లింట్లో టీవీకి పెట్టాను. వెలుతురు పడకుండా తలుపు వేశారు. మామ భార్య, నేను అత్త అని పిలిచే ఆమె, ముప్పై ఏళ్లు చేపల గంప నెత్తిన పెట్టుకుని వీధి వీధీ తిరిగిన మనిషి. పసుపు చారల చేపలు రాళ్ల సందుల్లోంచి వస్తుంటే చూసింది.

"నాను జన్మంతా సేపలే అమ్మినాను బాబు. బతికున్నప్పుడు ఇలాగుంటాయేటి?"

కాసేపటికి మళ్లీ అడిగింది. "మీ మామేడి? కనబడడేటి?"

"తీస్తున్నది ఆయనే అత్తా."

ఆమె ముందుకి జరిగి టీవీ అద్దం మీద అరచెయ్యి ఆనించింది. ఒక చిన్న చేప ఆ వేళ్ల కిందనుంచి నెమ్మదిగా ఈదుకుంటూ పోయింది.