రాళ్ళబాబు ఊగే గిన్నె

రాళ్ళబాబు చెవిలో "రాయి" అనే మాట పడిందా, దానికి ఒక్కటే అర్థం. గుండురాయో, గులకరాయో, ఏదో ఒక రాయి. పెన్ను చేతికిచ్చి, కాగితం ముందు పెట్టి, "ఇక్కడ నీ పేరు రాయి" అన్నా సరే, ఆయన లేచి చెప్పులేసుకుని బయటికి నడుస్తాడు. పోస్టాఫీసులో గుమాస్తా ఒకడు మర్యాద లేకుండా "అడ్రసు రాయి" అన్న పాపానికి, వాడి కౌంటరు మీదికి ఓ కంకరరాయి వచ్చి కూర్చుంది. "రాయండి" అనుంటే వాడికా గతి పట్టేది కాదు.

ఇది పుట్టుకతో వచ్చిన జబ్బేం కాదు, వాళ్ళక్క అంటించింది. మీసం కూడా సరిగ్గా రాని రోజుల్లో ఆయన లారీ క్లీనరుగా మొదటి ట్రిప్పు ఎక్కుతుంటే, ఆవిడ లారీ పక్కన నిలబడి, "ఒరేయ్, వెళ్ళిన ప్రతి ఊరి నుంచీ రాయి, మర్చిపోకు" అంది. ఉత్తరం సంగతి. ఈయన ట్రిప్పు ముగించుకుని వచ్చి, జేబులోంచి అరచేతి మందాన ఓ రాయి తీసి ఆవిడ చేతిలో పెట్టాడు.

"ఏంట్రా ఇది?"

"నువ్వే అన్నావుగా, రాయి అని. టైరు కింద పెట్టిందే. కడిగి తెచ్చా."

నవ్వాలో నాలుగు తగిలించాలో ఆవిడకి అర్థం కాలేదు. నిజంగా అలా అర్థమైందా, ఉత్తరం రాయడానికి బద్ధకమా అని తర్వాత ఎంతమంది అడిగినా ఈయన చెప్పే సమాధానం ఒకటే: "నా అక్షరాలు వంకర. రాయి వంకరగా ఉంటే ఎవడూ నవ్వడు."

అప్పట్నుంచీ లారీ ఎక్కడ ఆగితే అక్కడో రాయి. క్లీనరు కాస్తా డ్రైవరయ్యాడు, డ్రైవరు రిటైరయ్యాడు, రాళ్ళు మాత్రం రిటైరవ్వలేదు. ఇల్లు ఒకటే. కింద వీధి వైపు గదిలో అక్క టైలరు షాపు, వెనక గదిలో ఆవిడ కాపురం. కాపురమంటే ఆవిడా, ఆవిడ కుట్టుమిషనూ. అందుకే ఊరంతా ఆవిణ్ణి టైలరక్క అంటారు. మేడ మీద రాళ్ళబాబు, వాళ్ళావిడ, మిగతా జాగా అంతా రాళ్ళు.

"మా పెళ్ళి ఫోటో కింద పేర్చడం మొదలెట్టారు వదినా" అని మరదలు ఓ రోజు కిందకొచ్చి చెప్పుకుంది. "ఇప్పుడు మా ఇద్దరికీ మెడల దాకా వచ్చాయి. ఇంకో ట్రిప్పు వెళ్ళుంటే ముక్కులు కూడా మునిగేవి."

ఒకసారి ఆయన కిడ్నీలోంచి కూడా రాయి తీశారు. మామూలు మనిషైతే బతికానురా దేవుడా అని ఇంటికొస్తాడు. ఈయన డాక్టరు వెంటపడ్డాడు. నాదే కదండీ, నాకిచ్చెయ్యండి అని. ఆ డాక్టరు పీడ వదిలితే చాలనుకుని చిన్న సీసాలో వేసిచ్చాడు. ఇంటికొచ్చి సీసా ఊపుతూ, "అక్కా, ఇది ఏ ఊరిదో చెప్పుకో" అన్నాడు. ఆవిడ దారం కొరుకుతూ, "నీ పొట్ట ఊరిది. అన్నం తినేటప్పుడైనా రాళ్ళు ఏరుకోవు కదా నువ్వు" అంది.

ఇక టైలరక్క తక్కువదేం కాదు. ఆవిడ షాపులో ఫ్యాను ఉంది, అది తిరగ్గా చూసినవాడు లేడు. తిరిగితే బల్ల మీద పరిచిన గుడ్డ లేస్తుంది. గుడ్డ లేస్తే కత్తెర పక్కకి పోతుంది. అందుకని ఎండలు మండిపోతున్నా ఫ్యాను ఆపేసి, మెడకో తువ్వాలు చుట్టుకుని, ఉడికిపోతూ కత్తిరిస్తుంది. కొలతలివ్వడానికి వచ్చిన ఆడవాళ్ళు ఒక సైజు తగ్గి వెళ్తారని వీధిలో జోకు.

తమ్ముడు ఓసారి జాలిపడి, పై నుంచి నాలుగు పలకల్లాంటి రాళ్ళు తెచ్చి గుడ్డ అంచుల మీద పెట్టి ఫ్యాను వేశాడు. చల్లగా గాలి తగిలేసరికి ఆవిడ కళ్ళు మూసుకుంది. కళ్ళు తెరిచేసరికి రాయి గరుకుకి సాటిను గుడ్డ దారం ఒకటి బారెడు పొడవు లేచొచ్చింది. ఆ రాయి గుమ్మం దాటి, వీధి దాటి, ఎదురింటి కుక్క మీద నుంచి వెళ్ళింది.

"ఇంకోసారి నీ రాళ్ళు నా బల్ల ఎక్కాయంటే నిన్నే పరిచి కత్తిరిస్తా."

ఆయన పోయి రాయి ఏరుకున్నాడు. బొటనవేలితో రుద్దుకుంటూ మేడెక్కాడు. అంతటితో కథ అయిపోయిందని ఆవిడ అనుకుంది.

కొన్నాళ్ళకి వచ్చి, "అక్కా, మిషన్ల షాపాయన నీ ఖాతాదారేగా, ఒక్కసారి నాతో రా" అన్నాడు.

"దేనికి?"

"రాళ్ళు మెరుగు పెట్టే మిషను కొనాలి."

ఆవిడ కత్తెర కింద పెట్టి, తమ్ముణ్ణి కాళ్ళ నుంచి తల దాకా కళ్ళతోనే కొలిచింది. "మెరుగు పెట్టి? ఉంగరాలు చేయించి పది వేళ్ళకీ తొడుక్కుని తిరుగుతావా?"

"తిరుగుతా" అన్నాడు, అదేదో మంచి ఆలోచన చెప్పినట్టు.

షాపాయన రెండు రకాలు చూపించాడు. ఒకటి పీపాలాంటి డబ్బా, పడుకుని గుండ్రంగా తిరుగుతుంది. రెండోది గిన్నె, కింద స్ప్రింగులు, చలిజ్వరం వచ్చినట్టు వణుకుతుంది. మన రాళ్ళబాబు సంచిలోంచి ఓ పలకరాయి తీసి గల్లాపెట్టె మీద పెట్టాడు. షాపాయన ఓ అడుగు వెనక్కి జరిగాడు.

"ఈ పీపాలో వేస్తే ఇది ఏమవుద్ది?"

"నున్నగా, గుండ్రంగా కోడిగుడ్డులా వస్తుంది. కాకపోతే నెలలు పడుతుంది."

"గుండ్రమైతే దొర్లుద్ది. దొర్లకూడదు."

"మరైతే ఈ ఊగే గిన్నె తీసుకోండి. రాయి షేపు పోదు. పలకగా ఉన్నది పలకగానే ఉంటుంది, పైన గరుకు మాత్రం పోతుంది. పని కూడా రోజుల్లో అయిపోతుంది. చప్పుడే కాస్త."

"దొర్లదు కదా?"

"దొర్లదండీ."

"మూలలు?"

"చేత్తో రాస్తే తెలియనంత మెత్తబడతాయి."

"దొర్లదు కదా?"

షాపాయన దిక్కులేక టైలరక్క వైపు చూశాడు. ఆవిడ, "రాళ్ళకి పెళ్ళిచూపులు అయ్యాయా, ఇంక వెళ్దామా?" అంది. గిన్నె, దాంతోపాటు గరుకు పొడి, మెత్త పొడి, మెరుగు పొడి, రాళ్ళ మధ్య సందుల్లో పొయ్యడానికి చిన్న చిన్న పింగాణీ ముక్కలు, అన్నీ కొనిపించి షాపాయన మరీ మరీ చెప్పి పంపాడు: "నీళ్ళు చిలకరించాలంతే. రాళ్ళు తడవాలి, ఈత కొట్టకూడదు."

చెప్పిందెవరికి. లారీ రేడియేటరు అంచుల దాకా నింపి నింపి అలవాటైన చెయ్యి అది. గిన్నె అంచుల దాకా పోశాడు. పొడి అంతా అడుక్కి దిగి హాయిగా పడుకుంది. రోజంతా ఊగాక మూత తీస్తే, వేసిన రాళ్ళు వేసినట్టే ఉన్నాయి.

"ఏమయ్యాయండీ?" అని మరదలు తొంగిచూసింది.

"స్నానం చేశాయి" అన్నాడు.

రెండో విడత నీళ్ళు సరిపోయాయి, నేల సరిపోలేదు. నున్నటి బండల మీద పెట్టిన గిన్నె ఊగుతూ ఊగుతూ నడక నేర్చింది. పొద్దున వరండాలో పెట్టినది భోజనాల వేళకి గుమ్మం దగ్గరుంది. సాయంత్రానికి మెట్ల దగ్గర నిలబడి కిందకి దిగాలా వద్దా అని ఆలోచిస్తోంది. మరదలు దానికి ఎదురెళ్ళి, వచ్చిన చుట్టాన్ని వెనక్కి పంపినట్టు, కాలితో తోసుకుంటూ మళ్ళీ వరండాలో వదిలొచ్చింది.

మూడోది వంటింటి తూము. గిన్నె అడుగున మిగిలిన బూడిదరంగు చిక్కటి బురద అంతా ఆయన తూములో కుమ్మరించాడు. అది కాస్తా గొట్టంలో సిమెంటులా గడ్డకట్టింది. ప్లంబరొచ్చి, గొట్టం కోసి, లోపల్నుంచి ఓ పొడుగాటి కడ్డీలాంటి గట్టి ముద్ద లాగి, "ఇదేంటండీ?" అన్నాడు. రాళ్ళబాబు దాన్ని వెలుతురుకి పట్టి చూసి, "ఇది కూడా ఉంచుకోవచ్చు" అన్నాడు. ప్లంబరు మరదలి వైపు చూసిన చూపులో మంచి మనసుంది పాపం. ఆ రోజు నుంచీ బురద బకెట్లోకి, అక్కణ్ణుంచి వీధి చివర గోతిలోకి.

ఇదంతా మేడ మీది గోల. కింద సంగతి అసలు గోల. టైలరక్క పెళ్ళివారి సాటిను గౌన్ల పని ఒప్పుకుంది. పెళ్ళికూతురి తల్లి ఎలాంటి మనిషంటే, నిద్రలో లేపి చూపించినా ఒక కుట్టు పక్కకి పోయిందని చెప్పగలదు. ఆవిడ నచ్చలేదందంటే, ఈ వీధిలో ఇంకెవరూ టైలరక్కకి దిండుగలీబు కూడా ఇవ్వరు. సరిగ్గా అప్పుడే పైన గిన్నె ఊగింది. కింద గోడ ఊగింది. బల్ల ఊగింది. సుద్దముక్క గజగజలాడింది. కత్తెర బల్ల అంచు దాకా నడిచొచ్చి కిందకి దూకేసింది. తిన్నగా పోవాల్సిన కుట్టు ఎవరో తాగి నడిచిన దారిలా పోయింది.

ఆవిడ మెడలో టేపు, నోట్లో గుండుసూదులతోనే మెట్లెక్కింది. సూదులు తీసి చేతిలో పెట్టుకుని అంది:

"శనివారం పెళ్ళివారొస్తున్నారు. ఈలోగా ఆ గిన్నైనా దిగాలి, నేనైనా దిగాలి."

"నువ్వు కిందే ఉన్నావుగా అక్కా, ఇంకెక్కడికి దిగుతావు?"

"ఇల్లే దిగి పోతానురా వెధవా. పక్కవీధిలో గది చూసుకున్నా."

"వదినా, ఆ గదిలో ఇద్దరు పడతారా?" అంది మరదలు వంటింట్లోంచి.

రాళ్ళబాబు వంగి గిన్నె ఆపేశాడు. ఆ రోజంతా పైన చప్పుడు లేదు. మర్నాడూ లేదు. టైలరక్క తాగిన కుట్లన్నీ విప్పి మళ్ళీ వేసుకుంది. కోపం తగ్గాల్సింది పోయి ఇంకో మెట్టు ఎక్కింది. ఎందుకంటే షాపు మూలన కత్తిరింపు ముక్కలు వేసుకునే గోనెసంచి ఖాళీ అయిపోయింది. మెరుగు పెట్టిన రాళ్ళు తుడుచుకోడానికి ఎత్తుకుపోయుంటాడు, ఇంకెవరు. ఇలాంటివాడితో ఒకే కప్పు కింద ఉండటం ఇక తన వల్ల కాదనుకుంది. శుక్రవారం పొద్దున, చివరి గౌనుకి సాటిను బల్ల మీద పరిచి, ఫ్యాను స్విచ్చు ఆపే ఉందని చూసుకుని, పక్కవీధి గది తాళంచెవి తెచ్చుకోడానికి వెళ్ళింది.

తాళంచెవి కొంగుకి కట్టుకుని తిరిగొస్తుంటే వీధిలోంచే కనిపించింది. షాపులో ఫ్యాను తిరుగుతోంది. మామూలుగా కాదు, ఇన్నేళ్ళ బాకీ తీర్చుకుంటున్నట్టు తిరుగుతోంది. ఆవిడ గుండె జారి చెప్పుల్లో పడింది. పెళ్ళివారి సాటిను ఈపాటికి ఏ కాలవలో తేలుతోందో అనుకుంటూ, ఆ వయసులో పరిగెత్తకూడనంత పరుగెత్తి గుమ్మంలో పడింది.

సాటిను కదల్లేదు. ఇస్త్రీ చేసి అంటించినట్టు బల్లకి అతుక్కుని ఉంది. చుట్టూ అంచుల మీద రాళ్ళు. నల్లవి, ఎర్రవి, పచ్చచారలవి. ఒక్కొక్కటీ నీళ్ళలోంచి అప్పుడే తీసినట్టు మెరుస్తోంది. ఫ్యాను గాలికి సుద్దపొడి ఎగురుతోంది గానీ రాయి కింద గుడ్డ కిమ్మనట్లేదు.

ఆవిడ ఒకటి చేతిలోకి తీసుకుంది. కోడిగుడ్డు కాలేదు, ఏ షేపుది ఆ షేపులోనే ఉంది. అందుకే పోల్చుకుంది. మొదటి ట్రిప్పు రాయి. టైరు కింద పెట్టింది. దాని మీద సాటిను అంచు ఒకసారి లాగి చూసింది. మళ్ళీ లాగింది. దారం లేవలేదు. మూడోసారి లాగబోతుంటే తలుపు వెనక నుంచి వినిపించింది:

"దొర్లదక్కా. షాపాయన్ని రెండుసార్లు అడిగా."

"ఉంగరాలన్నావు కదరా."

"నేననలేదు. నువ్వన్నావు. నేను తిరుగుతానన్నా."

"మరి ఆ చప్పుడు లేకుండా ఎలా చేశావు? నా కుట్లు తిన్నగానే పడ్డాయే."

ఆయన ఆవిణ్ణి మేడ మీదకి తీసుకెళ్ళాడు. గిన్నె ఊగుతూనే ఉంది. కింద పాత లారీ టైరు కోసి పేర్చిన రబ్బరు ముక్కలు. చుట్టూ ఓ చెక్కపెట్టె. పెట్టె లోపలంతా ఈవిడ గోనెసంచిలోని గుడ్డముక్కలు కుక్కి ఉన్నాయి. చెవి ఆనిస్తే, కడుపునిండా తిన్న పిల్లి గురక పెట్టినంత చప్పుడు.

"టైరు సంగతి మొదటే గుర్తు రావాల్సింది" అన్నాడు, బుర్ర గోక్కుంటూ.

"నీకేది మొదట గుర్తొచ్చింది గనక" అంది ఆవిడ. కొంగు ముడి విప్పి తాళంచెవి మరదలి చేతిలో పెట్టింది. "నీకు కావాలంటే నువ్వు వెళ్ళు. నాకు పనుంది."

"ఫ్యాను కింద కూర్చుంటానంటే నేనెందుకు వెళ్తాను వదినా" అని మరదలు ఈవిడ కంటే ముందే మెట్లు దిగింది.

టైలరక్క బల్ల ముందు నిలబడింది. మెడకున్న తువ్వాలు తీసి కుర్చీ మీద పడేసింది. గాలి మెడకి తగిలితే ఓ క్షణం కళ్ళు మూసుకుని, ఈసారి ఒక కన్ను మాత్రం తెరిచే ఉంచి, కత్తెర అందుకుంది. అటు చివర గుడ్డ మూల ఒకటి సన్నగా లేచి టపటపలాడింది. ఆవిడ కత్తిరింపు మీంచి చూపు తిప్పకుండానే చెయ్యి చాచి,

"ఒరేయ్, రాయి" అంది.

చేతిలో ఏమీ పడలేదు. తల తిప్పి చూసింది. తమ్ముడు ఆవిడ సుద్దముక్క పట్టుకుని, బల్ల మీద ఓ మూలకి వంగి, బడిలో పిల్లాడిలా బుద్ధిగా నిలబడి ఉన్నాడు.

"చెప్పక్కా, ఏం రాయమంటావు?"

మెడలో టేపు తీసి విసిరింది గానీ, అది ఎటు పోయిందో ఎవరికీ తెలీదు. ఫ్యాను గాలి మరి.