మా ఆవిడ ప్రొటీన్ డబ్బా

కిందటేడు అమలాపురంలో మా ఆవిడకు కడుపు ఆపరేషన్ జరిగింది. కుట్లు మానాలంటే రోజుకు రెండు స్కూపుల వే ప్రొటీన్ పొడి పాలలో కలిపి తాగమన్నారు డాక్టరు గారు. వాకిట్లో పోసిన కొబ్బరికాయల రాశిలాంటి నా పొట్టను చూపించి, "మరి ఇది తగ్గాలంటే ఎన్ని స్కూపులండి?" అన్నాను.

"మీకు ఒక్కటీ వద్దండి. అన్నం తగ్గించండి, చాలు."

పదిహేను రోజులకు మళ్ళీ వెళ్ళాం. నేనెక్కితే తూకం మిషను, గోదావరి మీద లారీ ఎక్కిన సఖినేటిపల్లి పంటు పడవలా మూలిగింది. మూడు కిలోలు పెరిగాను. ఆవిడ రెండు తగ్గింది. కుట్టు ఒకచోట ఇంకా పచ్చిగానే ఉంది.

"ఇలాగైతే మళ్ళీ కుట్టాల్సొస్తుందండి. పొడి తాగుతున్నారా?" అన్నారు డాక్టరు గారు.

"ఆయ్, రోజూ కలుపుతున్నానండి," అంది ఆవిడ తల దించుకుని. "ఈయన రాగిజావలో. ఇంట్లో మగమనిషికి పెట్టకుండా బలమైంది నేనొక్కదాన్నే ఎలా తాగేదండి?"

జావ ఈమధ్య అమృతంలా ఉందని పొగిడి, రోజూ రెండో గ్లాసు అడిగి తాగింది నేనే. ఇంటికొచ్చేదాకా బస్సులో ఆవిడ సంచి నేనే పట్టుకున్నాను.

కుట్టు ఆలస్యంగానైనా మానింది. ఇప్పుడు పొడి నేనే కలుపుతాను. ఆవిడ తాగేదాకా ఎదురుగా నిలబడతాను. ఇప్పటికీ చివరి గుక్క మిగిల్చి, గ్లాసు నావైపు జరుపుతుంది. నేను వెనక్కి జరుపుతాను.