తొడగని గాజులు

దయ్యాలను నేనెప్పుడూ నమ్మలేదు. నన్ను ఏడిపించినవాళ్లంతా బతికున్నవాళ్లే.

డెబ్బైల చివర్లో మేము గౌలిపురలో ఉండేవాళ్లం. ఐదో నెలకే నా కడుపు ఏడో నెలలా కనిపించేది. ఒకటే వాంతులు. మా ఇళ్లలో ఐదో నెలలో గాజులు తొడగడం ఆనవాయితీ. అమ్మ చార్మినార్ దగ్గర మట్టిగాజులు కొని, ఒక్కో చేతివి ఒక్కో పొట్లంగా తెచ్చింది. పదిమంది ముందు మా తోటికోడలు అడ్డుపడింది.

"గిది కడుపా గడ్డనా, ఎవరికెరుక? ముందుగాల డాక్టరుకు చూపియ్యిన్రి."

ఆ మాట ఈనాటికీ మరవలేదు. తొడగకుండానే పొట్లాలు రెండూ మూటగట్టి నా ట్రంకుపెట్టెలో పెట్టి తాళం వేసుకున్నాను.

తర్వాత కొద్దిరోజులకే రక్తం కనిపించింది, దాంతోపాటు ఉడికిన సగ్గుబియ్యం లాంటి బుడగలు. ఆసుపత్రిలో డాక్టరమ్మ ముత్యాల గర్భం అంది. అందులో బిడ్డ ఉండదట, బిడ్డను పోషించాల్సిన మాయే బుడగలుగా పెరుగుతుందట. గుండె చప్పుడు వినపడలేదు. ఎక్స్‌రే మిషన్ చెడిపోయింది. మర్నాడు కడుపు కడిగేస్తామన్నారు. లోపల కదులుతోందని చెబితే గ్యాస్ అని నర్సు నవ్వింది. ఆమె ముఖం కూడా నాకు గుర్తుంది.

ఆ మధ్యాహ్నం పక్క మంచం మీది బాలింత ఖైరున్నీసా విసుక్కుంది.

"గాజులు జర ఆపు బహెన్. కన్ను మూతపడ్తలేదు."

నా బోసి చేతులు చూపించాను. చప్పుడు మాత్రం నాకూ వినిపిస్తోంది, నా కుడి డొక్కలోంచి. ఆమె వచ్చి నా దుప్పటి దులిపింది. ఏమీ రాలలేదు.

డాక్టరమ్మ రాగానే ఆ చోటు చూపించాను.

"గీడ విన్రి. వినేదాంక నేను మంచం దిగ."

నా నోరు మూయించడానికే ఆమె అక్కడ గుండె చప్పుడు వినే గొట్టం ఆనించింది. చాలాసేపు తల ఎత్తలేదు.

"ఉంది," అంది.

బయట తీయించిన ఎక్స్‌రేలో చిన్న వెన్నెముక కనిపించింది. కవలలట. ఒకటి బిడ్డ, రెండోది బుడగల ముద్ద. ఉంచుకుంటే బీపీ పెరగొచ్చు, రక్తం పోయి ప్రాణం మీదికి రావచ్చు, తర్వాత క్యాన్సర్ కావచ్చు అన్నారు. ఉంచుకుంటానన్నాను. కాన్పుదాకా ఆ మంచం మీదే ఉన్నాను. తోటికోడలు ఒక్కసారీ చూడరాలేదు. ఎనిమిదో నెలలో ఆపరేషన్ చేశారు. ఆడపిల్ల, బతికింది. ఆ తర్వాత చాలాకాలం క్యాన్సర్ భయంతో నెలనెలా మూత్రపరీక్షలు చేశారు, అన్నాళ్లూ మళ్లీ కడుపు రాకూడదన్నారు.

ఇంటికొచ్చాక పెట్టె తెరిచాను. మూట ముడి నేను వేసినట్టే ఉంది. ఒక పొట్లంలో గాజులు చెక్కుచెదరలేదు. రెండోదాంట్లో అన్నీ నుగ్గునుగ్గు.

తోటికోడలే పగలగొట్టిందని అనుకోవడానికి ఎంతో ప్రయత్నించాను. కానీ తాళంచెవి అన్నాళ్లూ నా మెడలోనే ఉంది. ఈ ఒక్కదానికి ఎవరిని అనాలో నాకు ఇప్పటికీ తెలియదు.