లోపలున్నవాళ్ల పేర్లు

మొన్న శుక్రవారం పొద్దున కొత్తకోట నుంచి ఫోన్ వచ్చింది. "మన రికార్డు సాబ్ పోయిండు. గుండె ఆగిందంట" అన్నారు. నాకు ముందు ఏడుపు రాలేదు. భయం వేసింది. ఆయన నేర్పిన పనిని ఇకమీద ఆయనను అడగకుండా చేయాలి.

పెద్దమందడి దారిలో ఒక పత్తి మిల్లు. అక్కడ ఆయన రికార్డులు రాసేవారు. డిగ్రీ అయ్యాక నేను ఆయన కింద పనికి చేరాను. మా అమ్మ అప్పటికే అదే మిల్లులో షెడ్డు కూలీ. ఆయన గదిలో ఇనుప బీరువా నిండా పుస్తకాలే. నాకు అన్నీ ఒక్కలాగే కనిపించేవి.

"ఒక్కటి కాదు బిడ్డా" అనేవారు. "హాజరు పుస్తకం ఎవరొచ్చిన్రో చెప్తది. గేటు పుస్తకం ఎవరు బయటికి పోయిన్రో చెప్తది. రిపేరు పుస్తకంల మిషిన్ల రోగాలుంటయి. మీటింగు పుస్తకంల ఎవరు దేనికి సరే అన్నరో ఉంటది. ఒకదాంట్లది ఇంకోదాంట్ల దొరకదు."

తప్పు రాస్తే చెరపనిచ్చేవారు కాదు. ఒక్క గీత కొట్టి, పక్కన సంతకం పెట్టమనేవారు. "కింద ఏముండెనో కనపడాలె" అని. ఐదు నిమిషాల కోసం గేటు దాటినా పేరు రాయించేవారు. ఆడకూలీలు విసుక్కునేవారు. నేనూ విసుక్కున్నాను.

నాలుగేళ్ల కిందట ఎండాకాలంలో, అన్నాల వేళకు కాస్త ముందు, షెడ్డులో మంట లేచింది. పత్తి కదా, మేం గది దాటి వచ్చేసరికే పొగ తప్ప ఏమీ కనిపించలేదు. అందరూ గేటు వైపు పరుగెత్తారు. సాబ్ రెండు పుస్తకాలు చంకలో పెట్టుకొని వచ్చి, రోడ్డు మీద నిలబడి పేర్లు చదవడం మొదలుపెట్టారు. ఒక్కొక్కరు దగ్గుతూ "ఉన్న" అంటున్నారు. మా అమ్మ పేరు వచ్చింది. ఎవరూ పలకలేదు. ఆయన మళ్లీ చదివారు.

"అన్నం తిననీకి ఇంటికి పోయుంటది" అన్నాడు సూపర్‌వైజరు.

సాబ్ గేటు పుస్తకం తిప్పి చూశారు. "పోలేదు. పోతే ఈడ పేరుండాలె. లోపల్నే ఉంది."

ఆ మాట మీదే ఇద్దరు హమాలీలు తడి గోనెసంచులు కప్పుకొని వెనక తలుపు పగలగొట్టారు. పత్తి బేళ్ల వెనక అమ్మ స్పృహ లేకుండా దొరికింది. వనపర్తి దవాఖానాలో పదకొండు రోజులుంది. బతికింది.

తర్వాత ఇంకో భయం. మోటారు దగ్గర నిప్పురవ్వలు పడుతున్నాయని సాబ్ రిపేరు పుస్తకంలో అంతకుముందే మూడుసార్లు రాసి ఉన్నారు. విచారణకు అధికారి వస్తాడనగా, మేనేజరు మా గదిలోకి వచ్చి తలుపు వేశాడు.

"ఆ పుస్తకం కొత్తగ రాయి సాబ్. ఆ మూడు లైన్లు లేకుంట."

మేనేజరు వెళ్లాక సాబ్ నీళ్లు తాగబోతే, గ్లాసు పళ్లకు తగిలి టకటకలాడింది.

"రాస్తరా?" అన్నాను.

"నాకు భయమైతుంది బిడ్డా. ఇంట్ల నా మీద ఐదుగురు బతుకుతున్నరు. కానీ మీ అమ్మ లోపలుందని పుస్తకం చెప్తే నమ్మితిమి. గసొంటి పుస్తకంల అబద్ధం రాస్తే, రేపు ఇంకొకరు పేరు పిలిస్తే పలకకపోతే ఎవరు నమ్ముతరు?"

మరునాడు అధికారి చేతికి పుస్తకం ఇచ్చి, ముట్టినట్టు సంతకం తీసుకున్నారు. మోటారు మారింది. నెల తిరగకముందే సాబ్ పని పోయింది. ఆత్మకూరులో ఒక జిరాక్సు దుకాణం ముందు కూర్చొని జనానికి దరఖాస్తులు రాస్తూ బతికారు. నేను చిక్కుల్లో పడి ఫోన్ చేస్తే, ముందు "అమ్మ ఎట్లుంది?" అని అడిగి, ఆ తర్వాతే "ఏమైంది, జర నెమ్మదిగ చెప్పు" అనేవారు.

ఆ పుస్తకాలు ఇప్పుడు నా చేతిలో ఉన్నాయి. పోయిన వారం షెడ్డు వెనక తలుపుకు తాళం కనిపించింది. అది పుస్తకంలో రాయొద్దన్నాడు మేనేజరు. రాశాను. అప్పటినుంచి మేనేజరు చెప్పుల చప్పుడు వినిపిస్తే చాలు, పుస్తకం తీసి బీరువాలో పెట్టేస్తున్నాను. శనివారం ఆత్మకూరు పోయి సాబ్‌కు చెప్పుకుందామనుకున్నాను. ఒక్కరోజు ముందే ఆయన పోయారు.

శుక్రవారం సాయంత్రమే కొత్తకోటలో ఆయన ఇంటి నుంచి జనాజా లేచినప్పుడు, మేం ఆడవాళ్లం సందు చివర ఆగిపోయాం. పెద్ద రోడ్డు దగ్గర ఎవరో చేయెత్తితే రెండు వైపులా లారీలు నిలిచాయి. ఒక డ్రైవరు ఇంజన్ ఆపి, కిందికి దిగి, చేతులు కట్టుకొని నిలబడ్డాడు. జనాజా భుజం మారుతూ, భుజం మారుతూ రోడ్డు దాటి, అవతలి దుమ్ములో కలిసిపోయింది. దారి ఖాళీ అయినా లారీలు కాసేపు కదలలేదు.