అన్నలో ఉన్న అక్షరం

మా ఇంట్లో పేర్లు నోటితో పిలిచేవి కావు, చేతితో పిలిచేవి. అన్నకు పుట్టుకతోనే వినపడదు. అందుకని మాకందరికీ ఒక్కో సైగ ఉండేది. నుదుటి మీద వేలు పెడితే అమ్మ. భుజం మీద తువ్వాలు సర్దుకున్నట్టు చేస్తే నాయిన. జడ పట్టి గుంజినట్టు చేస్తే నేను. జడ కత్తిరించుకుని చాలా ఏళ్లయినా అన్న లెక్కలో నేనింకా జడనే. లేని మీసం మెలేస్తే బావ, అంటే మా మేనమామ కొడుకు. ఈ పేర్లన్నీ అన్నే పెట్టాడు. తనకు మాత్రం ఏమీ పెట్టుకోలేదు. గుండె మీద చెయ్యి వేసుకునేవాడు, అంతే.

శామీర్‌పేట చెరువు పక్కన మాది చేపలు పట్టే ఇల్లు. నాయిన పోయాక వల అన్న చేతికి వచ్చింది. అన్న పట్టిన చేపల్ని అమ్మ రోడ్డు పక్కన బండి మీద వేయించి అమ్ముతుంది. ఆదివారాలు సిటీ నుంచి కార్లలో వచ్చేవాళ్లు అన్నకు వినపడదని తెలియగానే చెంప మీద చెయ్యి పెట్టుకుని, తల పక్కకు వాల్చి, నాలుకతో చప్పుడు చేసి "అయ్యో పాపం" అంటారు. ఆ చప్పుడు అన్నకు వినపడదు గానీ మిగతాదంతా కనపడుతుంది. వాళ్లటు తిరగగానే చెంప మీద చెయ్యి పెట్టుకుని అచ్చం వాళ్లలాగే తల వాల్చి మాకు చూపిస్తాడు. అమ్మ నవ్వు ఆపుకోలేక గరిటె కింద పడేసుకుంటుంది.

నేను పనిచేసే ల్యాబ్ అదే రోడ్డు మీద ఇంకొంచెం ముందుకు పోతే వస్తుంది. అయినా నేనుండేది కొంపల్లిలో, ఒక అపార్ట్‌మెంట్‌లో, ఒక్కదాన్నే. కంపెనీ బస్సు సుచిత్ర చౌరస్తాలో బయలుదేరి, కొంపల్లిలో నన్ను ఎక్కించుకుని, మేడ్చల్ మీదుగా చుట్టు తిరిగి మా ఊరి దారి పడుతుంది. పుట్టిన ఇల్లు పక్కనే పెట్టుకుని ఇంత దూరం ఎందుకని బస్సులో వాళ్లు అడుగుతారు. ల్యాబ్‌కు దూరమని తెలిసే మారాను. బావ వాళ్లిల్లు మా గల్లీలోనే. బావ పెళ్లయ్యాక, పొద్దున్నే లేస్తే ఆయన చేసుకున్న అమ్మాయి వాకిట్లో ముగ్గు వేస్తూ కనపడేది. మంచి పిల్ల, నన్ను చూసి నవ్వేది. ఆ నవ్వు నాకు రోజూ చూడడం కష్టమైంది.

నా పని చదవడం. రక్తంలోంచి తీసిన డీఎన్ఏను మెషిన్ చిన్న చిన్న ముక్కలుగా చదివి ఫైళ్లలో పోస్తుంది. తెర నిండా ఏ, సి, జి, టి అనే నాలుగు అక్షరాలే. ఆ ముక్కలన్నిటినీ మామూలు మనిషి వరసకు ఎదురుగా పేర్చి, ఎక్కడ ఒక అక్షరానికి బదులు ఇంకొకటి పడిందో వెతకాలి. అది రోగం తెచ్చే తేడానా, ఊరికే ఉన్న తేడానా తేల్చాలి. మనుషులు నంబర్లుగా వస్తారు, రిపోర్టులుగా పోతారు. ఎవరితోనూ మాట్లాడే అవసరం రాదు. అన్న రోజంతా చేతులతో ఎడతెగకుండా మాట్లాడుతూనే ఉంటాడు. మౌనంగా ఉండడం మా ఇంట్లో నాకే బాగా వచ్చు. సాయంత్రం ఫ్లాట్ తలుపు తీస్తే పొద్దున నేను తాగి పెట్టిన చాయ్ గ్లాసు పెట్టినచోటే ఉంటుంది. దాన్ని ఎవరైనా కొంచెం జరిపి ఉంటే బాగుండును అనిపిస్తుంది. లిఫ్టులో కలిసే ఆంటీ "ఇంకా ఒక్కదానివేనా?" అంటుంది, కరెంటు ఇంకా రాలేదా అని అడిగినట్టు.

ఒక్కదాన్నే ఎందుకున్నానో చెప్పాలంటే మా అమ్మానాయినల పెళ్లి నుంచి మొదలుపెట్టాలి. నాయిన అమ్మకు సొంత మేనమామ, అమ్మమ్మకు తమ్ముడు. మా దగ్గర అందులో వింతేమీ లేదు. పిల్ల కళ్ల ముందే ఉంటుందని ఇచ్చుకునేవాళ్లు. నాక్కూడా అది వింత అనిపించలేదు, ఎమ్మెస్సీ క్లాసులో సారు బోర్డు మీద ఒక వంశం బొమ్మ గీసేదాకా. మగవాళ్లకు చదరం, ఆడవాళ్లకు సున్నా, పెళ్లికి మధ్యలో ఒక గీత. దగ్గరి చుట్టాల పెళ్లయితే రెండు గీతలు. ఆ రెండు గీతల కింద ఒక చదరం గీసి చాక్‌పీసుతో నింపేశాడు. రోగం ఉన్న పిల్లవాడన్నమాట. క్లాసంతా గబగబా రాసుకుంటోంది. నాకు మాత్రం ఆ నిండిన చదరంలో వల భుజాన వేసుకుని అన్న కనపడ్డాడు.

ప్రతి జీన్ మనకు రెండు ప్రతులుగా ఉంటుంది, అమ్మ నుంచి ఒకటి, నాయిన నుంచి ఒకటి. ఒకటి చెడిపోయినా రెండోది నెట్టుకొస్తుంది, మనిషికి ఏమీ తెలియదు. రెండూ చెడిపోతేనే తంటా. ఒకే కుటుంబంలో పెళ్లి జరిగితే ఇద్దరి దగ్గరా అదే చెడ్డ ప్రతి ఉండే అవకాశం ఎక్కువ. అమ్మానాయినల దగ్గర చెరొకటి ఉంది, అన్నకు రెండూ వచ్చాయి. మరి నాకు? ఒకటి వచ్చి ఉండొచ్చు, రాకపోయీ ఉండొచ్చు. అమ్మకు తోడబుట్టినవాడి కొడుకు గనక బావ దగ్గర కూడా ఒకటి ఉండొచ్చు.

బావకు నన్ను ఇవ్వాలని నేను పుట్టినప్పుడే అనుకున్నారు. అనుకున్నది వాళ్లు, కోరుకున్నది నేను. దాచడమెందుకు, బావంటే నాకు ప్రాణం. మా సైగలు ఇంట్లో పుట్టిన నాకంటే బావకే బాగా వచ్చు. అన్న ఏదైనా చెప్తుంటే నాకు మధ్యలో దారి తప్పేది, బావ మాత్రం ముందే నవ్వేసేవాడు. అటువంటి మనిషికి నేనే చెరువు కట్ట మీద నిలబడి వద్దని చెప్పాను.

"మనకు పుట్టేటోళ్లు అన్న లెక్క పుడితే ఎట్ల బావా?"

"పుడితే ఏమైతది? మీ అన్న మంచిగ లేడా?"

"నీకు సమజ్ కాదు."

"కాదు తియ్. నువ్వు సదువుకున్నదానివి. నువ్వు వద్దంటే వద్దు."

అన్న కొంచెం అవతలే వల దులుపుతున్నాడు. వినపడదు కాబట్టి నేను గొంతు తగ్గించలేదు. చేతులు మాత్రం కదలకుండా వెనక్కి కట్టుకున్నాను.

అప్పట్లో ఆ చెడ్డ ప్రతి ఉందో లేదో చెప్పే పరీక్ష మాకు అందేది కాదు. కొన్నాళ్లు ఆగి బావ సిద్దిపేట అవతలి నుంచి పిల్లను చేసుకున్నాడు. ఏ చుట్టరికమూ లేని బయటి సంబంధం, కులం మాత్రం ఒక్కటే. పెళ్లిలో అందరికంటే ధైర్యంగా ఉన్నది నేనే. ఏడుపు నాది నాకుంది గానీ, బావ పిల్లలకైనా ఇక భయం లేదు అనుకున్నాను. ఊరు మారితే రక్తం కూడా మారుతుందని మావాళ్లు అనుకుంటారు. ఇంత చదివి నేనూ అదే అనుకున్నాను.

పోయినేడు వాళ్లకు ఆడపిల్ల పుట్టింది. నెలలు గడిచాక ఒకరోజు అమ్మ ఫోన్ చేసింది.

"గిన్నె కింద పడ్డా పిల్ల ఉలికిపడ్తలేదు బిడ్డా. మీ అన్న గూడ గిట్లనే ఉండె."

ఆస్పత్రిలో చెవి పరీక్ష చేశారు, తర్వాత రక్తపరీక్ష రాశారు. చాన్నాళ్ల తర్వాత బావ నాకు ఫోన్ చేశాడు. "మీ కంపెనీలనే జేస్తరంట గదా. జర సూడు" అన్నాడు. "సరే బావా" అని పెట్టేశాను. పాపది, బావది, బావ భార్యది, పోల్చి చూడడానికి మా అన్నది, నాలుగు రక్తాలూ ల్యాబ్‌కు వచ్చాయి. సొంతవాళ్లవి మేము చదవకూడదని నియమం. నా పక్క సీటాయన చదివాడు. పాపకు రెండు ప్రతుల్లోనూ ఒకే చోట జి ఉండాల్సిన దగ్గర ఏ ఉంది. ఆ ఒక్క అక్షరంతో జీన్ అక్కడే ఆగిపోతుంది, చెవికి కావలసిన ప్రొటీన్ తయారు కాదు. అన్నకూ సరిగ్గా అదే చోట, అదే అక్షరం. పాపకు ఒకటి బావ నుంచి, ఇంకొకటి ఏ చుట్టరికమూ లేని ఆ అమ్మాయి నుంచి వచ్చింది. మా కులంలో బయట అంటే ఎంత బయట? ఎన్ని తరాలుగా లోపల్లోపలే ఇచ్చిపుచ్చుకుంటున్నామో ఎవరికి తెలుసు.

ఇక మిగిలింది నాది.

మా ల్యాబ్‌లో ఒక అలవాటుంది. కొత్త కిట్ వస్తే ముందు మాలో ఒకరి రక్తంతో చేసి చూస్తాం. అందరూ సరదాగా ఇస్తారు, తర్వాత ఎవరి జీన్లు వాళ్లు చూసుకుని ఒకరినొకరు ఆటపట్టించుకుంటారు. నేను ఎప్పుడూ సూదంటే భయమని తప్పించుకునేదాన్ని. సూదంటే నాకేం భయం, చిన్నప్పుడు జెల్ల చేపల ముళ్లు గుచ్చుకున్న చేతులివి. ఆ వారం కొత్త కిట్ వస్తే చెయ్యి చాపాను.

రిజల్ట్ వచ్చేదాకా నాకు ఒకటే కోరిక. ఆ అక్షరం నాలో కూడా ఉండాలని. ఉంటే నేను వద్దనడం సబబే. ఈ ఖాళీ ఫ్లాటూ, ఆ జరగని గ్లాసూ, అన్నిటికీ ఒక కారణం ఉన్నట్టు. రోగం రావద్దని మొక్కుకునేవాళ్లను చూశాను. చెడ్డ ప్రతి ఒకటి నా దగ్గర ఉండేట్టు చూడు తల్లీ అని కట్ట మైసమ్మకు మొక్కిన మనిషిని నేనొక్కదాన్నే అయ్యుంటాను.

మధ్యాహ్నం అందరూ క్యాంటీన్‌కు పోయాక ఫైలు తెరిచాను. ఆ చోటికి వెళ్లాను. జి, జి, జి. పైనుంచి కిందిదాకా ప్రతి ముక్కలోనూ జి. ఒక్క ఏ కూడా లేదు. ఫైలు తారుమారైందేమో అని, నియమం పక్కన పెట్టి అన్న ఫైలుతో పోల్చి చూశాను. తోబుట్టువులమే అని తేలింది, ఫైలు నాదే. మా అమ్మానాయినల దగ్గరున్న మంచి ప్రతులు రెండూ నాకే వచ్చాయి. బావను చేసుకుని ఉంటే మాకు ఎంతమంది పుట్టినా ఈ అక్షరం వల్ల చెవులు పోయేవి కావు. ఏడుపు వచ్చింది, ఏడ్చాను. క్యాంటీన్ నుంచి వచ్చిన పక్క సీటాయన ఏమైందని అడిగితే కళ్లు మండుతున్నాయన్నాను.

రిపోర్టు గురించి డాక్టరు అంతా చెప్పినా, నా నోటితో వింటేగానీ మావాళ్లకు నమ్మకం కుదరదు. ఆదివారం శామీర్‌పేట పోయాను. అమ్మ బండి వెనక చాప మీద అందరూ కూర్చున్నారు. బావ భార్య పాపను ఒళ్లో పెట్టుకుని తలెత్తకుండా అడిగింది.

"అక్కా, నా కడుపుల ఏమన్న దోషముందా? అందరు నన్నే అంటున్నరు."

"లేదు చెల్లె. సగం నీది, సగం బావది. తప్పు ఎవ్వరిది గాదు. జల్దీ ఆపరేషన్ జేసి చెవిల మెషిన్ పెట్టిస్తే పిల్లకు ఇనబడ్తది. అన్న పుట్టినప్పుడు గివన్ని లేకుండె."

ఆ అమ్మాయి నా చెయ్యి పట్టుకుని వదలలేదు. వరసకు ఆ పాప నాకు కూతురే అవుతుంది, నన్ను పెద్దమ్మా అనాలి. బావ చేప ముక్క చేతిలో పట్టుకుని తినకుండా కూర్చున్నాడు.

"మరి నీది? నువ్వు సూసుకున్నవా?" అన్నాడు.

"నాదేం జూస్త బావా. నాకెందుకు?" అన్నాను. నోటితో అబద్ధం తేలిగ్గానే వచ్చింది.

అప్పటిదాకా మా మొహాలు మార్చి మార్చి చూస్తున్న అన్న నా భుజం తట్టి, ఏందన్నట్టు చెయ్యి తిప్పాడు. తన రక్తం కూడా తీసుకుపోయారు కదా, తనకూ తెలియాలి. అన్నను చూపించి, పాపను చూపించి, రెండు చూపుడువేళ్లు పక్కపక్కన పెట్టాను. ఇద్దరిదీ ఒక్కటే అని. అన్న నమ్మలేదు. మళ్లీ చూపించమన్నాడు, చూపించాను. దిగులు పడతాడనుకున్నాను. అన్న మొహం విచ్చుకుంది. ఇంతమంది మధ్య ఇన్నేళ్లు తనలాంటి మనిషి తనొక్కడే. గబుక్కున పాపను ఎత్తుకుని, చెవి మీద వేలు పెట్టి, ఆ చేతినే తన గుండె మీద వేసుకున్నాడు. పాపకు పేరు పెట్టేశాడు. పాప ఆ చేతిని పట్టుకోవాలని చూస్తూ కేరింతలు కొట్టింది.

తర్వాత అన్న నావైపు తిరిగి జడ గుంజినట్టు చేసి కనుబొమ్మలు ఎగరేశాడు. మరి నువ్వు? అన్నతో చేతులతో అబద్ధం చెప్పడం నాకు ఎప్పుడూ చేతకాలేదు. వేలు అడ్డంగా ఊపాను. నాకు లేదు.

ఊపాక గుర్తొచ్చింది, ఈ భాష బావకు నాకంటే బాగా వచ్చని. బావ చేతిలో చేప ముక్క ఆకులోకి జారింది. నావైపు చూడలేదు. లేచి చెరువు దిక్కు తిరిగి నిలబడ్డాడు. భార్య ఏమైందని అడిగితే "ఏం లే, ముల్లు గుచ్చుకుంది" అన్నాడు.

అన్నకు అదేమీ తెలియదు. పాపను భుజానికి ఎత్తుకుని, తామిద్దరికీ ఉన్నది లేని నన్నే చూస్తున్నాడు. ఆ తర్వాత మెల్లగా చెంప మీద చెయ్యి పెట్టుకుని, నా కోసం తల పక్కకు వాల్చాడు. ఈసారి ఎవరినీ వెక్కిరించడం లేదు.